పెద్దమ్మ గది తలుపు

జంతు ప్రదర్శనశాల హాజరు పుస్తకంలో ఆయనకు ఇంటిపేరుతో సహా నిండైన పేరు ఒకటి ఉండేది గాని, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయన వెనుదిరిగి చూసేవాడు కాదు. ముప్పై యేళ్లు ఏనుగుల కాళ్లు కడిగి, గోళ్లు అరగదీసి, అరికాళ్లలో దిగబడిన రాళ్లు ఏరినవాడు గనుక అందరికీ ఆయన పాదాల మామ. గుమాస్తాకూ మామే, దాణా గదిలో క్యారెట్లు తరిగే ఆవిడకూ మామే, చివరికి అక్కడి పెద్దసారుకూ కోపం లేని రోజుల్లో మామే.

టీచరమ్మ ఆయనను మొదట చూసింది ఉద్యోగ విరమణ చేసిన మూడవ వారంలో. ముప్పై నాలుగేళ్లు బడిలో ఎర్ర పెన్సిలు పట్టిన చేయి ఊరకుండలేక, ప్రదర్శనశాలలో ప్రతి జంతువు ముందూ ఉన్న సమాచార ఫలకాల మీది తప్పులను వరుసగా రాసి, పదకొండు పుటల ఉత్తరం ఒకటి పెద్దసారుకు పంపింది. ఆయన మర్యాదస్తుడో, విసిగినవాడో తెలియదు. మీరే వచ్చి దిద్దిపెట్టండి, టీ ఖర్చు మాది అని జవాబు రాశాడు. ఆమె వచ్చి ఏనుగుల ఆవరణ ముందు నిలబడి ఫలకం చదువుతుండగా కమ్మీల అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"తప్పులున్నాయాండీ అందులో?"

"నాలుగున్నాయి," అంది ఆమె తల తిప్పకుండానే.

"నాకు ఒక్కటే కనబడింది. ఏనుగు ఇరవై నెలలు మోస్తుందని రాశారు. ఇరవై రెండండీ. రెండు నెలలు ముందే కనెయ్యమంటే అదేం చేస్తుంది, పాపం!"

ఆమె అప్పుడు తల తిప్పింది. యాభై ఆరేళ్ల మనిషి, బక్కపలచని ఒళ్లు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజాన తడిగుడ్డ. ఒక చేతిలో బకెట్టు, రెండవ చేతిలో వడ్రంగివాళ్లది లాంటి పెద్ద ఆకురాయి. తాను అక్షరాలు మాత్రమే చూసి అసలు సంగతి వదిలేసినందుకు ఆమెకు సిగ్గు వేసింది. ఎర్ర పెన్సిలుతో అయిదవ తప్పు రాసుకుని, "కృతజ్ఞతలండీ. మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని అడిగింది.

"పాదాల మామ అంటారండీ."

"అయితే పాదాల మామగారూ, మిగిలిన జంతువుల ఫలకాలు కూడా ఒకసారి నాతో వచ్చి చూస్తారా?"

ఆయన బకెట్టు కింద పెట్టి గట్టిగా నవ్వాడు. "గారా! ఈ వాకిట్లో నాకు గారు తగిలించింది మీరొక్కరేనండీ. ఈ ఏనుగు ఉంది చూశారూ, మా పెద్దమ్మ, ఇది వింటే అలుగుతుంది. దాన్ని నేను ఒసే అంటాను."

అలా మంగళవారం, శుక్రవారం ఆమెకు ఏనుగుల ఇంటి దాణా గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ ఏర్పడ్డాయి. పొడుగాటి గది అది. ఒకవైపు ఎండుగడ్డి మోపులు పైకప్పు దాకా పేర్చి ఉండేవి. మరొకవైపు బీట్‌రూట్ బస్తాలు, తూకం యంత్రం, గోడకు మేకుల వరుస. ఆ మేకులకు పాత క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి వేలాడేవి. గది చివరి కిటికీలోంచి చూస్తే రెండు పెద్ద ఇసుక గదులు, వాటి నడుమ గొలుసు లాగితే పక్కకు జరిగే బరువైన తలుపు కనబడేవి. ఆ గదుల్లో ఒకటి పెద్దమ్మది, రెండవది చిన్నదానిది. ఎప్పుడో తప్ప ఆ తలుపు మూసేవారు కాదు గనుక ఏ గది ఎవరిదన్న సంగతి వాటికి పట్టేది కాదు.

పెద్దమ్మకు నలభై అయిదేళ్లు. వయసులో ఉండగా మరొక ప్రదర్శనశాల నుంచి వచ్చింది. అక్కడ పది ఏనుగుల మంద మధ్య పెరిగిందని, తనకు మాత్రం సంతానం కలగలేదని దాని కాగితాల్లో ఉండేది. చిన్నదానికి ఇరవై ఒకటి. అది ఊహ తెలియని వయసులో తల్లి నుంచి వేరుపడి వచ్చి ఇక్కడే పెరిగింది. అవతలి ఆవరణలో ఒంటరిగా ఉండే మగ ఏనుగుకు బావ అని పేరు. పాత క్యాలెండర్లలో అక్కడక్కడా తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు చూసి, అవేమిటని టీచరమ్మ ఒకనాడు అడిగింది. పాదాల మామ గొంతు సవరించుకున్నాడు, బూట్ల వంక చూసుకున్నాడు.

"అవా... అవి బావ అత్తారింటికొచ్చే రోజులండీ."

అర్థమై ఆమె వెంటనే ఫలకాల మీదికి వంగింది. కాసేపటికి ఆయనే, బోధించే గొంతుతో, "నాలుగు నెలలకోసారి మూడు నాలుగు రోజులేనండీ వీలు. డాక్టరమ్మ వారం వారం చెవి వెనక నరంలోంచి రక్తం తీసి చూస్తుంది. ఆ రోజులు తప్పిపోయాయా, మళ్లీ నాలుగు నెలలు కూర్చోవాలి. పెళ్లి ముహూర్తాలే నయం," అన్నాడు.

అయిదేళ్ల కిందటి క్యాలెండరులో ఒక తేదీ మీద మాత్రం ఎర్ర సున్నా లేదు. ఆ గడి అంతా పెన్సిలుతో నల్లగా రుద్దేసి ఉంది. దాని గురించి ఆమె అడగలేదు.

రోజూ ఉదయం ఎనిమిదింటికి కాళ్ల పని మొదలయ్యేది. గదుల గోడలో మోకాలి ఎత్తున ఒక కిటికీ ఉండేది. "పాదం" అనగానే పెద్దమ్మ వెనుదిరిగి ఎడమ వెనక కాలు ఆ కిటికీలోంచి బయటికి చాపేది. ఎప్పుడూ ఎడమ వెనకదే ముందు. వేరే కాలు అడిగితే వినిపించుకునేది కాదు. ఆయన చిన్న పీట మీద కూర్చుని, కాలు ఒళ్లో పెట్టుకున్నంత దగ్గరగా పెట్టుకుని, బ్రష్షుతో రుద్ది, పగుళ్లలో వేలు పెట్టి తడిమి, ఆకురాయితో గోటి అంచులు నున్నగా చేసేవాడు.

"అడవిలో అయితే రోజుకి అన్ని మైళ్లు నడుస్తాయి, గోళ్లు వాటంతటవే అరుగుతాయి. ఇక్కడ మనం నడవనివ్వం కదా, అందుకని మనమే అరగదియ్యాలి. గోరు పగిలితే చీము, చీము దిగితే ఎముక. మన దగ్గరున్న ఏనుగుకి చావు కాళ్లలోంచే వస్తుందండీ టీచరమ్మా."

మధ్యాహ్నం క్యారేజీతో వచ్చే ఆయన భార్యకు ఈ మాటలన్నీ కంఠస్థం. అత్త అని పిలిపించుకునే ఆ పొట్టి మనిషి గడ్డి మోపు మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ టీచరమ్మతో మొర పెట్టుకునేది. "మా కాపురానికి ముప్పై రెండేళ్లు వదినగారూ. నా కాళ్లకి పగుళ్లున్నాయో లేవో ఈయన్ని అడగండి. తెలిస్తే ఒట్టు!"

"నువ్వు కిటికీలోంచి పెట్టవుగా," అనేవాడు ఆయన.

టీచరమ్మ అక్కడికి రావడం మొదలుపెట్టే నాటికే చిన్నది ఎనిమిది నెలల చూలుతో ఉంది. అది కడుపుతో ఉండడం రెండవసారి. మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ బతకలేదన్న సంగతి ఆమెకు మాటల్లో తెలిసింది. పశువైద్యురాలు, అందరూ డాక్టరమ్మ అనే సన్నటి యువతి, ఆమెకు మరొక సంగతి కూడా చెప్పింది. "ఆడ ఏనుగు ఎక్కువ కాలం ఖాళీగా ఉండిపోతే లోపల కణుతులు లేస్తాయండీ. నాలుగేళ్లు గడిచాక ఇది నిలిచిందంటేనే అదృష్టం. ఇది కూడా పోతే చిన్నదానికి ఇంక బిడ్డ ఉండదు."

ఆ తరువాత యేడాది పైగా పాదాల మామ నోట ఆ కడుపు మాట తప్ప మరొకటి రాలేదు. చిన్నది ఎంత తిన్నది, ఎంత నడిచింది, పొదుగు వాచిందా లేదా అన్నది రోజూ గోడ మీది పలక మీద వంకర అక్షరాలతో రాసేవాడు. టీచరమ్మ ఆ అక్షరాలను దిద్దబోయి చేయి వెనక్కి తీసుకునేది. ఇరవై నెలలని తప్పు పడిన ఫలకం ఇంకా గుర్తుంది ఆమెకు.

ఇరవై రెండవ నెల వచ్చింది. డాక్టరమ్మ ఒక కాగితం తెచ్చి టీచరమ్మ బల్ల మీద పెట్టింది. "కాన్పు రోజు ఎవరు ఏం చెయ్యాలో ఇందులో ఉంది టీచర్‌గారూ. పెద్ద బోర్డు మీద, దూరం నుంచి కూడా కనబడేట్టు రాసిపెట్టాలి. మీ చేతిరాత అయితే ఎవరూ సాకు చెప్పలేరు."

ఆమె సున్నపు తెలుపు వేసిన బోర్డు మీద, నల్ల రంగుతో, కొలబద్ద పెట్టి గీసినట్టు రాసింది. నాలుగవ అంశం ఇలా ఉంది: *పెద్ద ఏనుగును ముందుగానే వేరుచేసి నడిమి తలుపు మూసి ఉంచవలెను. గత కాన్పులో అది దగ్గర ఉండి చూస్తున్నప్పటికీ తల్లి బిడ్డను తన్ని చంపినందున, దాని తోడు వలన ప్రయోజనము లేదని తేలినది.*

పాదాల మామ తడిగుడ్డ పట్టుకుని వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. ఆయన చదువు నెమ్మదిది. పెదవులు కదిలిస్తూ ఒక్కొక్క మాటా చదివేవాడు. నాలుగవ అంశం దగ్గర పెదవులు ఆగిపోయాయి. గుడ్డలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా ఆయన బూట్ల మీదే పడుతున్నాయి.

"ఏమైనా తప్పు పడిందా మామగారూ?"

"పడిందండీ," అన్నాడు ఆయన. "మీ వల్ల కాదు."

ఎదురుగా ఉన్న గడ్డి మోపు మీద కూర్చుని, కిటికీ అవతలి తలుపు వంక చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు తలుపు తీసే ఉండాలని పాత డాక్టరు చెప్పాడు. నొప్పులు మొదలయ్యాయి. ఆయన మందుల పెట్టె కోసం బయటికెళ్లాడు, పావుగంట. నేనొక్కణ్ణే ఉన్నాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఒకటే ఊగుతోంది. లోపల్నుంచి ఒక గురగుర, మన రొమ్ములో కొట్టుకుంటుంది చూడండి, అలాంటిది. చిన్నదాన్ని తొండంతో తడుముతోంది, తోస్తోంది. నేనేమనుకున్నానో తెలుసా? దీనికి కుళ్లు అనుకున్నాను. తనకి పిల్లల్లేరు, దీనికి పుడుతుంటే చూడలేకపోతోంది అనుకున్నాను. మనుషుల బుద్ధి దానికి అంటగట్టాను. బుట్టెడు బీట్‌రూట్ చూపించి వెనక్కి రప్పించి, గొలుసు లాగి తలుపు మూసేశాను."

ఆయన గుడ్డను పిండాడు. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

"బిడ్డ పడింది. చిన్నది వెనక్కి తిరిగి చూసింది. అదేమిటో దానికేం తెలుసు? పుట్టిన బిడ్డని ఎప్పుడైనా చూసిందా? బెదిరిపోయింది. రెండు తన్నులు. అంతేనండీ. అవతల పెద్దమ్మ తలుపుకేసి తల బాదుకుంటోంది. అప్పుడు తీశాను. అది వచ్చి, చిన్నదాన్ని పక్కకి జరిపి, బిడ్డని తొండంతో లేపాలని చూసింది. అప్పుడు తెలిసింది నాకు, అది అంతసేపూ దేనికి ఊగిందో. పది ఏనుగుల మందలో పెరిగింది కదా, కాన్పులు చూసింది. పక్కన నిలబడాలనుకుంది, అంతే. డాక్టరు పరుగెత్తుకొచ్చేసరికి తలుపు తీసే ఉంది, పెద్దమ్మ పక్కనే ఉంది. కంటికి కనబడిందే రాసుకున్నాడాయన. నన్నడగలేదు. నేను చెప్పలేదు."

టీచరమ్మ బోర్డు వంక చూసింది. తన చేత్తో, అంత అందంగా, అబద్ధం రాసిపెట్టింది. ఆ అబద్ధం వల్ల మరో పది రోజుల్లోనో ఇరవై రోజుల్లోనో మళ్లీ అదే తలుపు మూయబోతున్నారు.

"డాక్టరమ్మతో చెప్పాలి," అంది.

"చెబితే చాలదండీ. ఆ దస్త్రంలో కాగితం మీదుంది. దాన్ని కొట్టెయ్యాలంటే ఇంకో కాగితం ఉండాలి. నా రాత ఎవరు చదువుతారు? మీరు రాసిపెట్టండి, నేను సంతకం పెడతాను."

"ఉద్యోగానికి ఏమైనా అయితే?"

"రెండేళ్లే కదా మిగిలింది. ఇంట్లో చెప్పొస్తాను."

శుక్రవారం ఆమె వచ్చేసరికి ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. ఆరేళ్లు పక్కనే పడుకుని ఇంత మాట కడుపులో పెట్టుకున్నావా అని అత్త ఒక్కటే మాట అందట. ఆ రాత్రి గడిచాక అన్నం పెడుతూ, "ఆ కాగితం ఇవాళే ఇచ్చెయ్," అందట.

టీచరమ్మ తెల్ల కాగితం తీసి రాసింది. జీవితంలో వేలకొద్దీ వ్యాసాలు దిద్దిన మనిషి ఆ ఒక్క పుట కోసం అరగంట తంటాలు పడింది. ఆయనకు దెబ్బ తగలకుండా, విషయం చెడకుండా, ఎక్కడికక్కడ మెత్తటి మాట వెదికి పెట్టింది. తరువాత చదివి వినిపించింది. "ఆనాటి గందరగోళ పరిస్థితులలో నడిమి తలుపు కొంతసేపు మూసివేయబడినందున..."

ఆయన చెయ్యి ఎత్తాడు, బడిలో పిల్లవాడిలాగా.

"తలుపు దానంతటదే మూసుకోలేదుగా టీచరమ్మా."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాగితం నాలుగు ముక్కలు చేసి, కొత్తది తీసింది. ఈసారి ఆయన చెప్పినట్టే రాసింది. మొదటి వాక్యం తేదీ. రెండవ వాక్యం: *తలుపు నేను మూశాను.* ఆ తరువాత పెద్దమ్మ ఊగడం, బీట్‌రూట్ బుట్ట, రెండు తన్నులు, తలుపు మళ్లీ తీయడం. ఒక్క విశేషణమైనా లేదు. ఆమె చేతి మీదుగా వెళ్లిన రాతల్లో అంత పొట్టిది, అంత గట్టిది మరొకటి లేదు. అటువంటి పుటే మరొకటి తన దగ్గర ఉంచుకోవడానికి రాసుకుంది.

పెద్దసారు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆ రోజు మామ అనలేదు.

"ఆరేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా? ఆ దస్త్రం నమ్మి ఇక్కడ నియమాలు రాసుకున్నాం. ఇప్పుడొచ్చి అదంతా తప్పంటావు. ఇవాళ చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మాలి?"

"నమ్మమని ఎలా అడుగుతానండీ," అన్నాడు ఆయన. "పెద్దమ్మని నమ్మండి."

"రెండింటినీ కలిపి ఉంచి, రేపు ఏదైనా జరిగితే పూచీ ఎవరిది?"

అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడిన డాక్టరమ్మ, "నాది," అంది. మరుక్షణం, అన్న మాట తన చెవిన పడ్డాక కాబోలు, ఆమె ముఖం పాలిపోయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. పాదాల మామ ఆనాటి నుంచి గడ్డి గోదాములో పని చేయాలి; ఏనుగుల ఇంట్లో అడుగు పెట్టరాదు. ఆయన ఆకురాయి, బ్రష్షులు, పీట వరుసగా మేకులకు తగిలించి, బయటికి వెళ్తూ తన చోటికి వచ్చిన కొత్త మనిషికి ఒక్కటే చెప్పాడు. "ఎడమ వెనక కాలు ముందు పట్టుకో బాబూ. లేకపోతే మొండికేస్తుంది." టీచరమ్మ బోర్డు మీద నాలుగవ అంశాన్ని తెల్లరంగుతో కప్పి, ఆరిన తరువాత మళ్లీ రాసింది: *నడిమి తలుపు తెరిచి ఉంచవలెను.*

రోజూ చూస్తున్న రక్తపరీక్షలో సోమవారం చూలు నిలిపే హార్మోను అంకె ఒక్కసారిగా పడిపోయింది. అంటే నాలుగయిదు రోజుల్లో కాన్పు. ఏనుగులు సాధారణంగా అందరూ పడుకున్నాక కంటాయి కదా అని డాక్టరమ్మ నాలుగు రోజులు కంటి మీద కునుకు లేకుండా గడిపింది. చిన్నది మాత్రం శుక్రవారం ఉదయం పది గంటలకు, టిక్కెట్ల కిటికీ ముందు బడిపిల్లలు వరుస కట్టే వేళకు, ఇసుకలో కాళ్లు ఎడం చేసి నిలబడింది.

టీచరమ్మ తిన్నగా గోదాముకు వెళ్లింది. అక్కడ గడ్డి మోపుల నడుమ, బస్తా మీద, ఏనుగుల గదులను చూపించే చిన్న తెర ఒకటి, పక్కనే చేతిలో పట్టుకుని మాట్లాడే రేడియో ఒకటి ఉన్నాయి. డాక్టరమ్మే తెచ్చి పెట్టించింది. ఉత్తర్వులో ఏనుగుల ఇంట్లోకి రాకూడదని ఉంది గాని, తెర చూడకూడదని ఎక్కడా లేదని ఆమె వాదనట. పాదాల మామ రెండు చేతులూ మోకాళ్ల సందున నొక్కిపెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన మరొక మోపు మీద కూర్చుంది.

తెర మీద రంగులు లేవు. బూడిదరంగు ఇసుక మీద బూడిదరంగు కొండ ఒకటి వణుకుతోంది. ఉన్నట్టుండి దాని వెనక ఏదో జారి పడింది. ఒక మూట, తడిగా, కదలకుండా.

చిన్నది గిర్రున తిరిగింది. చెవులు రెండూ విప్పింది. ఒక అడుగు వెనక్కి వేసి, ముందు కాలు పైకెత్తింది.

నడిమి గుమ్మంలో పెద్దమ్మ ఊగడం మొదలుపెట్టింది. ఆ గురగుర తెరలోంచి వినబడలేదు గాని, నాలుగు వందల గజాల అవతల నుంచి నేల గుండా వచ్చి టీచరమ్మ చెప్పుల కింద కొట్టుకుంది. రేడియో చిటపటలాడి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"మామా! పెద్దమ్మ తోసుకొస్తోంది. చెవులు విప్పింది. చిన్నది బెదురుతోంది. గొలుసు దగ్గర మనిషి ఉన్నాడు. లాగెయ్యమంటావా? తొందరగా చెప్పు!"

గోదాములో కూర్చున్నా, అప్పుడు ఆయన నిలబడింది సరిగ్గా ఆరేళ్ల కిందటి చోటే. అదే ఊగడం, అదే చప్పుడు, అదే గొలుసు. ఇప్పుడు తలుపు తెరిచి ఉంచమని చెప్పి, ఆ బిడ్డ కూడా ఇసుకలో కలిసిపోతే ఇక ఆయన మాటకు గాని, పెద్దమ్మకు గాని మరొక అవకాశం ఉండదు. ఆయన రేడియో అందుకున్నాడు.

"ముట్టుకోకండమ్మా. ఆ గొలుసు దగ్గర్నుంచి మనిషిని పంపించెయ్యండి. బీట్‌రూట్ బుట్ట కూడా అక్కడ ఉంచకండి."

పెద్దమ్మ వచ్చింది. తొందర లేదు. చిన్నదాని భుజానికి తన భుజం ఆనించి, తలుపు జరిపినట్టు నెమ్మదిగా వెనక్కి జరిపింది. ఎత్తిన కాలు ఇసుక మీదికి దిగింది. పెద్దమ్మ తొండం కొస తీసుకుపోయి చిన్నదాని నోట్లో పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తరువాత వంగి, మూట మీది పొరను లాగి, ముందు కాలితో దాన్ని రొట్టెల పిండి పొర్లించినంత మెత్తగా పొర్లించింది.

మూట మీద ఒక చెవి కదిలింది.

చిన్నది తొండం చాపి వాసన చూసింది. వెనక్కి లాక్కుంది. మళ్లీ చాపింది. ఈసారి లాక్కోలేదు.

తాను ఎంతసేపటి నుంచి పాదాల మామ చొక్కా చేతిని పిడికిట్లో పట్టుకుని ఉందో టీచరమ్మకు తెలియలేదు. వదిలేసరికి గుడ్డ ముడతలు పడిపోయి ఉంది. బిడ్డ ఏడుసార్లు పడింది, ఎనిమిదవసారి నిలబడింది. రేడియోలో డాక్టరమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తేలలేదు. ఆయన తెర దగ్గరికి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు.

"కాళ్లు చూడండి టీచరమ్మా," అన్నాడు. "నాలుగూ తిన్నగా ఉన్నాయి."

ఇంత జరిగింది గనుక ఆయనను తిరిగి ఏనుగుల ఇంటికి పంపారని రాయగలిగితే బాగుండును. పంపలేదు. పెద్దసారు బిడ్డకు బుజ్జిది అని పేరు పెట్టి, పత్రికలవాళ్లకు టీ ఇచ్చి, ఉత్తర్వును మాత్రం అలాగే ఉంచాడు. పాదాల మామ మిగిలిన రెండేళ్లూ గోదాములోనే గడ్డి తూచాడు. ఉదయపు నడకలో పెద్దమ్మ గోదాము గోడ దగ్గరికి రాగానే ఆగి, వెనుదిరిగి, ఎడమ వెనక కాలు ఎత్తి నిలబడేది. ఆ అడుగుల చప్పుడు వినగానే ఆయన లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు. నన్ను చూస్తే కొత్తవాడికి కాలు ఇవ్వదండీ అనేవాడు. నాలుగు నెలలకు అది ఆగడం మానేసింది. ఆ రోజు ఆయన మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదని అత్త చెప్పింది.

బుజ్జిది పుట్టి పద్నాలుగేళ్లయింది. ఈలోపల పెద్దమ్మ వృద్ధాప్యంతో కాలం చేసింది. పడుకున్నచోటే, కాళ్లకు ఏ పుండూ లేకుండా. డాక్టరమ్మ వేరే చోటికి వెళ్లిపోయింది. రంగులు కొత్తగా వేసినప్పుడు గోడతో పాటు బోర్డు కూడా తెల్లబడింది. టీచరమ్మకు డెబ్బై రెండేళ్లు వచ్చాయి. ఆమె అక్షరాలు ఇప్పుడు కాస్త వణుకుతాయి గాని వరుస తప్పవు.

పాదాల మామ ఊపిరితిత్తులు దెబ్బతిని, రెండవ అంతస్తులోని ఇంట్లో కిటికీ పక్క మంచం మీదే ఉండేవాడు. అన్నేళ్ల గడ్డి దుమ్ము అని వైద్యుడు చెప్పాడు. ఆమె శుక్రవారాలు మానలేదు. ఆ రోజు వెళ్లేసరికి అత్త మంచం కాళ్ల వైపు కూర్చుని ఆయన పాదాలకు నూనె రాస్తోంది.

"చూశారా వదినగారూ, ఈ ఇంట్లో పాదాల పని చివరికి ఎవరి మీద పడిందో," అంది. ఆమె గొంతులో వేళాకోళం ఉంది గాని కళ్లలో లేదు.

బుజ్జిది చూలుతో ఉందనీ, ఇరవై నెలలు నిండాయనీ ఎవరో వచ్చి ఆయనతో చెప్పి వెళ్లారు. ఇప్పుడు ఏనుగులను చూసుకునేది ముప్పై యేళ్ల యువతి, పనిమంతురాలు. తొలిచూలు కదా, ఏకాంతంగా ఉంచి తలుపులు మూస్తే బెదరకుండా ఉంటుందని ఆమె ఆలోచనట.

"తప్పు ఆ పిల్లది కాదు," అన్నాడు ఆయన, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "నాకూ అలాగే తోచింది అప్పుడు. పెద్దమ్మ లేదు కదా ఇప్పుడు. చిన్నదే పెద్దమ్మ. దాన్ని కూతురి పక్కన ఉంచమనండి. తలుపు తీసి ఉంచమనండి."

"రేపే వెళ్లి చెబుతాను."

"చెప్పడం కాదండీ. ఆ కాగితం మీ దగ్గర ఇంకోటి ఉంది కదా. అది చదివి వినిపించండి. నేను కబురు పంపితే ముసలాడి చాదస్తం అనుకుంటుంది. మీరు చదివితే పాఠం అనుకుంటుంది."

ఆమె తల ఊపింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని ఆమె సంచి అందుకుంది. లేవబోతుండగా ఆయన చెయ్యి ఎత్తాడు, బడిలో పిల్లవాడిలాగా.

"ఒక్క మాట టీచరమ్మా. మీకు నా మీద జాలెక్కువ. చదువుతూ చదువుతూ రెండో వాక్యం దగ్గరికొచ్చేసరికి మీ నోరు దాన్ని దాటేస్తుంది, నాకు తెలుసు. దాటనివ్వకండి. ముందు అదే చదవండి. తలుపు నేను మూశానని."